మద్దెల ఓడా? – చిన్న మిల్లింగ్ మెషీను గురించి ఒక అభిప్రాయం

14.1 ఉపోద్ఘాతం

ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదట. తన చేతకానితనాన్ని పనిముట్టు మీదికి నెట్టేవారిని చూసి మన పెద్దలు అన్న మాట ఇది. నిజానికి ఒక్కొక్కప్పుడు మద్దెల ఓడుగానే ఉండవచ్చు. కాని ఓడో కాదో తేల్చుకోకుండానే దాన్ని పక్కన పెట్టేవారు ఎక్కువ. తాళ్ళు బిగించి, శ్రుతి చేసి చూసేవారు తక్కువ.

ఇప్పుడు మీరు చదవబోయేది ఒక అభిప్రాయ వ్యాసం. కథలో సంఘటన ముఖ్యం. వర్ణనలో దృశ్యం ముఖ్యం. అభిప్రాయ వ్యాసంలో రచయిత ఏమంటున్నాడు, ఏ ఆధారంతో అంటున్నాడు, ఎదుటివారి వాదానికి ఏం జవాబు చెప్తున్నాడు అనే మూడు విషయాలు ముఖ్యం. చదివేటప్పుడు ఈ మూడూ వెతకండి.

మిల్లింగ్ మెషీను చూడనివారి కోసం ఒక మాట. లేతు మీద పని తిరుగుతుంది, పరికరం నిలిచి ఉంటుంది. మిల్లింగ్ మెషీను మీద కట్టరు తిరుగుతుంది, పని బల్లకు బిగించి ఉంటుంది. చేతి చక్రాలు తిప్పుతూ బల్లను ముందుకు వెనక్కు, కుడికి ఎడమకు జరుపుతాం. లోహాన్ని చదును చెయ్యడానికి, గాడి తియ్యడానికి, మెట్టు కొయ్యడానికి ఈ యంత్రం పనికివస్తుంది. కర్మాగారాల్లో ఉండే నిలువు మిల్లింగ్ మెషీను బరువు దాదాపు ఒక టన్ను. ఇంట్లో బల్ల మీద పెట్టుకొనే చిన్న మెషీను 50, 60 కిలోలు ఉంటుంది. సరదాకోసం నమూనాలు చేసుకొనేవారు, చిన్న రిపేర్లు చేసుకొనేవారు, పని నేర్చుకొనేవారు దీన్ని కొంటారు. ఈ వ్యాసం దాని గురించే.

14.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు
– అభిప్రాయానికీ ఆధారానికీ తేడా గుర్తించగలుగుతారు;
– చిన్న మిల్లింగ్ మెషీను మీద కోత చెడిపోవడానికి కారణాలు వివరించగలుగుతారు;
– కట్టరు వేగాన్నీ, ఫీడునూ లెక్కకట్టగలుగుతారు;
– మీకు తెలిసిన ఒక పని గురించి మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయగలుగుతారు.

14.3 మూలపాఠం

(అ) ఒక తప్పు జవాబు

కొన్నేళ్ళ కిందట ఒక సంపర్క తరగతి ముగిశాక ఒక విద్యార్థి నా దగ్గరకు వచ్చాడు. వయస్సు ముప్పై దాటింది. పగలు మోటారు వైండింగు షాపులో పని, రాత్రిపూట చదువు. బావమరిదితో కలిసి ఒక పాత చిన్న మిల్లింగ్ మెషీను కొన్నాడు. సంచిలోంచి ఒక మైల్డ్ స్టీలు పలకను, రెండు ముక్కలైన 10 మి.మీ. ఎండ్‌మిల్లును తీసి బల్ల మీద పెట్టాడు. పలక మీద తీసిన గాడి అంచులు దువ్వెన పళ్ళలాగా ఉన్నాయి.

"సార్, మీ పుస్తకంలో పట్టిక ఎలా ఉందో అలాగే చేశాను. నిమిషానికి 800 చుట్లు, 2 మి.మీ. లోతు. తప్పు నాదా, మెషీనుదా?" అని అడిగాడు.

"మీ మెషీను చిన్నది బాబూ, దానితో ఇంతకన్నా రాదు" అన్నాను.

అతను ఏమీ అనలేదు. ముక్కలు సంచిలో వేసుకొని వెళ్ళిపోయాడు. కాని ఆ జవాబు నన్ను వదలలేదు. ఆ పట్టిక నేను రాసిందే. అందులో అంకెలు తప్పు కావు. టన్ను బరువున్న మెషీనుకు అవి సరైన అంకెలే. ఏ మెషీనుకో పుస్తకంలో రాయలేదు. రాయనిది నేను, కట్టరు పోగొట్టుకున్నది అతను. పైగా నింద మెషీను మీద వేశాను. అంటే ఆ రోజు మద్దెల ఓడన్నది విద్యార్థి కాదు, పంతులు.

మరుసటి ఆదివారం అడ్రసు కనుక్కొని వాళ్ళ ఇంటికి వెళ్ళాను. మెషీను చూశాను. కట్టరును డ్రిల్ చక్‌లో పట్టించాడు. 20 మి.మీ. బయట ఉంటే చాలినచోట 40 మి.మీ. బయటికి వేలాడుతోంది. వైసును బల్లకు బిగించిన రెండు బోల్టుల్లో ఒకటి వేలితో తిరుగుతోంది. కొలెట్ పెట్టి, కట్టరును లోపలికి జరిపి, బోల్టు బిగించి, 2 మి.మీ. లోతును అర మి.మీ. చొప్పున నాలుగుసార్లుగా కోశాం. అదే స్టీలు, అదే మెషీను. గాడి అంచు మీద వేలు పెట్టి జరిపితే ఎక్కడా తగల్లేదు.

చిన్న మెషీనుతో మంచి కోత రాదనడం అపోహ అని నేను అంటున్నది ఈ అనుభవంతోనే. అయితే ఒక్క అనుభవం ఆధారం కాదు. కారణాలు చూద్దాం.

(ఆ) లోపం బలంలో లేదు, బిగువులో ఉంది

చిన్న మెషీనుకు బలం చాలదని చాలామంది అంటారు. లెక్క వేసి చూడండి. మైల్డ్ స్టీలులో ఒక ఘన మిల్లీమీటరు కొయ్యడానికి సుమారు 2 నుంచి 3 జౌళ్ళ శక్తి కావాలి. 10 మి.మీ. వెడల్పు, 2 మి.మీ. లోతు గాడిని నిమిషానికి 48 మి.మీ. చొప్పున కోస్తే నిమిషానికి 960 ఘన మి.మీ., అంటే సెకనుకు 16 ఘన మి.మీ. లోహం తెగుతుంది. దానికి కావలసింది 32 నుంచి 48 వాట్లు. చిన్న మెషీన్ల మోటార్లు సాధారణంగా 300 వాట్లకు పైనే ఉంటాయి. కొంత గేర్లలో, బెల్టులో పోయినా మిగిలింది చాలినంత.

మరి కట్టరు ఎందుకు విరిగింది? మెషీను వంగుతుంది గనక. స్తంభం కొద్దిగా, తల కొద్దిగా, బల్ల కొద్దిగా, కట్టరు కొద్దిగా వంగుతాయి. కంటికి కనిపించనంత తక్కువే. కాని కట్టరు పన్ను ఒక్కొక్కటి తీసే పొర మందం కూడా మి.మీ.లో నూటికి మూడు వంతులే. వంగి, మళ్ళీ వెనక్కు వచ్చేటప్పుడు పన్ను ఒకసారి ఎక్కువ కొరుకుతుంది, ఒకసారి గాలిలో తిరుగుతుంది. ఈ ఊపు తనను తానే పెంచుకుంటుంది. పనివాళ్ళు దీన్ని చాటరు అంటారు. గరగరమనే మోత, దువ్వెన పళ్ళ గీతలు దాని గుర్తులు.

ఒక చివర పట్టిన కడ్డీ ఎంత వంగుతుందో భౌతికశాస్త్రం చెప్తుంది. కడ్డీ పొడవు రెట్టింపయితే వంగడం 8 రెట్లవుతుంది. వ్యాసం రెట్టింపయితే వంగడం 16వ వంతుకు తగ్గుతుంది. మా విద్యార్థి కట్టరు 40 మి.మీ. నుంచి 20 మి.మీ.కు తగ్గగానే దాని వంగడం ఎనిమిదో వంతుకు దిగింది. దీనికి ఒక్క పైసా ఖర్చు కాలేదు. అలాగే 10 మి.మీ. కట్టరుకు బదులు 12 మి.మీ. కట్టరు వాడితే వంగడం దాదాపు సగమవుతుంది.

గొలుసులో ఏ లంకె బలహీనమో అక్కడే అది తెగుతుంది. కట్టరు, కొలెట్, స్పిండిలు, తల, స్తంభం, బల్ల, వైసు, పని – ఇవన్నీ ఒక గొలుసు. చిన్న మెషీను కొన్నవాళ్ళు ఖరీదైన కట్టరు కోసం డబ్బు పెడతారు. అదే చేత్తో వదులుగా ఉన్న జిబ్బును బిగించరు. నా అభిప్రాయంలో వరస తలకిందులయింది. ముందు బిగువు, తరవాత పదును, ఆ తరవాతే వేగం.

ఎండ్‌మిల్లును డ్రిల్ చక్‌లో పట్టించవద్దు. డ్రిల్ చక్ కిందికి నొక్కే బలం కోసం తయారైంది. పక్కనుంచి వచ్చే బలానికి కట్టరు జారవచ్చు, చక్కే దాని టేపరులోంచి ఊడి రావచ్చు. పని చెడడం ఒక్కటే కాదు, ఒంటికీ ప్రమాదం.

పాఠగత ప్రశ్నలు – 1
1. రచయిత మొదట ఇచ్చిన జవాబు ఎందుకు తప్పు?
2. కట్టరు 60 మి.మీ. బయటికి ఉన్నప్పుడు వంగేదానితో పోలిస్తే, 30 మి.మీ. ఉన్నప్పుడు ఎంత వంగుతుంది?

(ఇ) మెషీనుకు శ్రుతి చెయ్యడం

కొత్త మద్దెలను అంగడినుంచి తెచ్చి నేరుగా కచేరీలో వాయించరు. చిన్న మెషీను కూడా అంతే. పెట్టెలోంచి తీసిన రోజే బాగా కోస్తుందని ఆశించకూడదు.

మొదటిది జిబ్బులు. బల్ల జారే పట్టాల మధ్య ఉండే సన్నని పట్టీలు ఇవి. వదులయితే బల్ల ఊగుతుంది, బిగువెక్కువయితే చక్రం తిరగదు. చక్రం తిప్పేటప్పుడు చేతికి కొద్దిగా బరువు తెలిసేటట్టు మరలు సర్దాలి. కోసేటప్పుడు ఏ దిక్కుకు బల్ల జరపనక్కరలేదో ఆ దిక్కు తాళం బిగించాలి. తల కిందికి దించి లోతు పెట్టాక దాని తాళం కూడా బిగించాలి. ఈ ఒక్క అలవాటుతోనే సగం చాటరు పోతుంది.

రెండోది నిటారుతనం. స్పిండిలు బల్లకు సరిగ్గా లంబంగా ఉండాలి. స్పిండిలుకు డయల్ ఇండికేటరు తగిలించి, చేత్తో తిప్పుతూ బల్ల మీద నాలుగు వైపులా అంకె చూడాలి. 200 మి.మీ. దూరంలో ఒక వైపుకూ ఇంకో వైపుకూ 0.1 మి.మీ. తేడా ఉందనుకోండి. 50 మి.మీ. ఫ్లై కట్టరుతో చదును చేస్తే ఒక వరసకూ పక్క వరసకూ మధ్య 0.025 మి.మీ. మెట్టు పడవచ్చు. గోరు పెడితే తెలిసిపోతుంది. చాలా చిన్న మెషీన్లలో స్తంభం పక్కకు వంచుకొనే వీలుంటుంది. ఆ వీలే మెషీనుకు బలహీనత కూడా. గట్టిగా కోసిన తరవాత మళ్ళీ సరిచూసుకోండి.

మూడోది వైసు. దాని కింద, పని కింద రజను లేకుండా తుడవాలి. ఒక్క చిప్పు ముక్క పని కింద ఉంటే పని ఒక పక్కకు ఒరుగుతుంది. ఆ మీదట ఎంత జాగ్రత్తగా కోసినా కోత వంకరే. పనిని సమాన పట్టీల మీద కూర్చోబెట్టి, వైసు బిగిస్తూ, రాగి లేదా రబ్బరు సుత్తితో మెల్లగా కొట్టాలి. కింది పట్టీ వేలితో కదలకుండా ఉంటే పని సరిగా కూర్చున్నట్టు. కట్టరు తోపు వైసు స్థిరదవడ మీదికి వెళ్ళేటట్టు పని అమర్చితే మంచిది.

ఈ పనికి మొదటిసారి ఒక పూట పడుతుంది. చాలామంది ఈ పూటను వృథా అనుకుంటారు. నేను అనుకోను. పొలంలో దుక్కి దున్నిన రోజును రైతు వృథా అనుకోడు గదా.

(ఈ) లెక్క వేసి తిప్పండి, విని మార్చండి

వేగం లెక్క ఇది:

నిమిషానికి చుట్లు = (కోత వేగం × 1000) ÷ (3.14 × కట్టరు వ్యాసం)

ఇందులో కోత వేగం నిమిషానికి మీటర్లలో, వ్యాసం మిల్లీమీటర్లలో ఉండాలి. హైస్పీడ్ స్టీలు కట్టరుతో మైల్డ్ స్టీలుకు సుమారు 25 మీటర్లు, పోత ఇనుముకు 20, ఇత్తడికి 45, అల్యూమినియానికి 75 మీటర్ల నుంచి మొదలు పెట్టవచ్చు. 10 మి.మీ. కట్టరు, మైల్డ్ స్టీలు అయితే 25 × 1000 ను 31.4 తో భాగించాలి. సుమారు 800 చుట్లు. కట్టరు 20 మి.మీ. అయితే 400 చుట్లు. పెద్ద కట్టరుకు తక్కువ వేగం కావాలని చాలామంది మరచిపోతారు.

ఇక ఫీడు. అంటే బల్ల నిమిషానికి ఎంత జరగాలో చెప్పే అంకె:

ఫీడు = చుట్లు × పళ్ళ సంఖ్య × ఒక్కొక్క పన్ను తీసే పొర మందం

800 చుట్లు, రెండు పళ్ళు, 0.03 మి.మీ. మందం అయితే 48 మి.మీ. చేతి చక్రం ఒక చుట్టుకు బల్ల 2 మి.మీ. జరిగితే నిమిషానికి 24 చుట్లు తిప్పాలి. అంటే రెండున్నర సెకన్లకు ఒక చుట్టు. గడియారం చూస్తూ రెండు మూడుసార్లు తిప్పితే చేతికి ఆ లయ పడుతుంది.

మెషీను చిన్నదని భయపడి చక్రాన్ని మరీ నెమ్మదిగా తిప్పేవాళ్ళున్నారు. ఇది ఒక పెద్ద పొరపాటు. పొర మరీ పలుచనయితే పన్ను కొయ్యదు, రుద్దుతుంది. రుద్దితే వేడి పుడుతుంది, పదును పోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు అయితే పై పొర గట్టిపడి తరవాతి కోతను కూడా చెడగొడుతుంది. భయం ఉంటే లోతు తగ్గించండి, ఫీడును చంపకండి. చాటరు వచ్చినప్పుడు కూడా ముందు చుట్లు తగ్గించి, లోతు తగ్గించి చూడండి. ఫీడు అలాగే ఉంచండి, లేదా కొద్దిగా పెంచండి.

లెక్క మొదటి అంకె మాత్రమే ఇస్తుంది. తరవాతి అంకెను చెవి, కన్ను ఇస్తాయి. సరైన కోత ఒకే తీరున బుస్సుమంటుంది. గరగరమంటే ఎక్కడో వదులుంది. కీచుమంటే పదును పోయింది, లేదా పన్ను రుద్దుతోంది. హైస్పీడ్ స్టీలు కట్టరుతో స్టీలు కోసేటప్పుడు చిప్పులు నీలిరంగుకు తిరిగితే వేడి మితిమీరింది. చుట్లు తగ్గించాలి.

చిన్న మెషీను మీద కార్బైడు కంటే హైస్పీడ్ స్టీలు కట్టరే మేలని నా అభిప్రాయం. కార్బైడు గట్టిది, కాని పెళుసు. ఊగే మెషీను మీద దాని అంచు పెచ్చులూడుతుంది. హైస్పీడ్ స్టీలు ఊపును కొంత ఓర్చుకుంటుంది. పదునైన అంచుకు తక్కువ తోపు చాలు. బిగువు తక్కువగా ఉన్న మెషీనుకు కావలసింది అదే.

కోత దిక్కు కూడా గమనించాలి. కట్టరు పళ్ళు తిరిగే దిక్కుకు ఎదురుగా పనిని నడిపితే మర ఎప్పుడూ ఒకే వైపు ఆనుకొని ఉంటుంది. అదే దిక్కుగా నడిపితే కట్టరు పనిని తన వైపు లాక్కుంటుంది. చిన్న మెషీన్ల మరలో కొంత ఖాళీ తిరుగుడు తప్పకుండా ఉంటుంది. అంతమేరకు బల్ల ఒక్కసారిగా ముందుకు దూకి పన్ను విరగవచ్చు. అందుచేత మామూలు కోతలన్నీ ఎదురు దిక్కునే తియ్యండి. చివరి నునుపు కోత ఒక్కటి, 0.05 మి.మీ. లోతుతో, తాళం సగం బిగించి, అనుకూల దిక్కున తీసి చూడవచ్చు. ఆ ఖాళీ వల్లనే, కొలత పెట్టేటప్పుడు చక్రాన్ని ఎప్పుడూ ఒకే వైపునుంచి అంకె దగ్గరకు తేవాలి. అంకె దాటిపోతే ఒక చుట్టు వెనక్కు పోయి మళ్ళీ రండి.

జాగ్రత్త: కళ్ళద్దాలు లేకుండా మెషీను వెయ్యవద్దు. చేతి తొడుగులు, వేలాడే చేతులు, పైట, చున్నీ, విరబోసిన జుట్టు కట్టరు దగ్గరకు రాకూడదు. చిప్పులను చేత్తో తియ్యవద్దు. మెషీను ఆపి బ్రష్షుతో తుడవండి.

పాఠగత ప్రశ్నలు – 2
3. 12 మి.మీ. హైస్పీడ్ స్టీలు కట్టరుతో ఇత్తడి కొయ్యడానికి నిమిషానికి సుమారు ఎన్ని చుట్లు కావాలి?
4. భయంతో ఫీడు బాగా తగ్గిస్తే ఏమవుతుంది?

(ఉ) ఎదుటివారి వాదం

నా అభిప్రాయాన్ని కాదనేవారున్నారు. వారి మాటా వినాలి.

పెద్ద షాపుల్లో పనిచేసిన మిత్రులు ఒకరు, "ఇది బొమ్మ. దీని మీద నేర్చుకున్నవాడు అసలు మెషీను దగ్గర తడబడతాడు" అంటారు. నేను ఒప్పుకోను. పెద్ద మెషీను తప్పులను క్షమిస్తుంది. కట్టరు కొంచెం ఎక్కువ బయట ఉన్నా, వైసు కొంచెం వదులుగా ఉన్నా దాని బరువు ఆ తప్పును మింగేస్తుంది. చిన్న మెషీను వెంటనే మోత పెడుతుంది, తప్పును పని మీద గీసి చూపిస్తుంది. దాని మీద నేర్చుకున్నవాడికి కారణాలు తెలుస్తాయి. కారణం తెలిసినవాడు ఏ మెషీను దగ్గరా ఎక్కువ కాలం తడబడడు. ఇంగ్లండులో ఇళ్ళలో కూర్చొని చిన్న యంత్రాల మీద నడిచే ఆవిరి ఇంజన్ల నమూనాలు చేసేవారి సంప్రదాయం పాతది. వారి కోసం 'మోడల్ ఇంజినీర్' అనే పత్రిక 1898లోనే మొదలయింది. వారి పనిని బొమ్మ అనడం కష్టం.

రెండో వాదం కాలం గురించి. ఇందులో న్యాయం ఉంది. 100 మి.మీ. పొడవు, 50 మి.మీ. వెడల్పు ఉన్న స్టీలు పలక మీదనుంచి 5 మి.మీ. మందం తియ్యాలంటే 25,000 ఘన మి.మీ. లోహం పోవాలి. అర మి.మీ. లోతు, 10 మి.మీ. వెడల్పు, నిమిషానికి 48 మి.మీ. చొప్పున కోస్తే నిమిషానికి 240 ఘన మి.మీ. మాత్రమే పోతుంది. సుమారు గంటా ముప్పావు చక్రం తిప్పాలి. పెద్ద మెషీను అదే పనిని కొద్ది నిమిషాల్లో ముగిస్తుంది. కనక వందల ముక్కలు కోసి ఇచ్చే జాబ్‌వర్కు పెట్టి సంపాదిద్దామని అప్పు తెచ్చి చిన్న మెషీను కొనవద్దు. ఈ మాట అమ్మేవాళ్ళు చెప్పరు. నేను చెప్పకపోతే, పట్టికలో చేసిన తప్పునే మళ్ళీ చేసినవాణ్ణవుతాను. నేర్చుకోవడానికి, ఒకటి రెండు ముక్కలు చెయ్యడానికి, నమూనాలకు, రిపేర్లకు అది మంచి మెషీను. ఎక్కువ లోహం తియ్యాల్సి వస్తే ముందు హాక్సాతో కోసి, చివరి మి.మీ. మాత్రం మిల్లింగుకు వదలండి. గోటితో పోయేదానికి గొడ్డలి అక్కర లేదు. గొడ్డలితో పోవలసినదాన్ని గోటితో గిల్లుతూ కూర్చోవడం కూడా తెలివి కాదు.

(ఊ) అసలు విషయం

ఇంతకూ ఒక చిన్న మెషీను గురించి ఇంత వాదన ఎందుకు? మెషీను కోసం కాదు. ఆ విద్యార్థి అడిగిన ప్రశ్న కోసం. "తప్పు నాదా, మెషీనుదా?" అన్నాడు. మూడోది కూడా ఉండవచ్చునని, పుస్తకానిది కావచ్చునని అతనికి తోచలేదు. అచ్చులో ఉన్నది తప్పు కాదని మనం నేర్పాం గనక తోచలేదు.

పని చేసేవాడి చేతికి పట్టిక ఇచ్చి, కారణం మన దగ్గర ఉంచుకోవడం మన చదువులో పాత అలవాటు. 'ఇలా చెయ్యి' అంటాం. 'ఎందుకంటే' అనము. కారణం తెలియనివాడు పట్టిక తప్పినప్పుడు తనను తాను నిందించుకుంటాడు, లేదా పనిముట్టును నిందిస్తాడు. రెండూ నష్టమే. హైదరాబాదులో బాలానగర్‌లో 1968లో టూల్ డిజైన్ శిక్షణకోసం ఒక కేంద్ర సంస్థ వెలిసింది. అటువంటి సంస్థల్లో సీటు దొరికేది కొందరికే. దొరకనివాళ్ళు షాపులో, ఇంట్లో, తోటిపనివాళ్ళ దగ్గర నేర్చుకుంటారు. దూరవిద్య పాఠం వాళ్ళకోసం రాసింది. పక్కన గురువు లేనివాడికి పుస్తకమే గురువు. అందుకే ఆ పుస్తకంలో అంకె ఎంత ముఖ్యమో, ఆ అంకె ఎక్కడ పనిచెయ్యదో చెప్పడం కూడా అంత ముఖ్యం.

ఆ తరవాత అచ్చయిన పాఠంలో పట్టిక కింద రెండు వాక్యాలు చేర్చాను. "ఈ లోతులు బరువైన మెషీన్లకు. మీ మెషీను చిన్నదయితే నాలుగో వంతుతో మొదలుపెట్టి, మోత వింటూ పెంచండి." ఇవి నాకు నేర్పింది ఆ విద్యార్థే.

కనక మీ కోత చెడినప్పుడు మద్దెల ఓడని పారెయ్యకండి. ఆడలేనేమో అని కుంగిపోకండి. తాళ్ళు బిగించండి. పని ఎందుకు చెడిందో వెతకండి. పుస్తకంలో ఉన్నదాన్ని కూడా ప్రశ్నించండి, ఈ పాఠంతో సహా.

14.4 చేసి చూడండి

ఒక మైల్డ్ స్టీలు ముక్క మీద నాలుగు గాళ్ళు తియ్యండి. ప్రతి గాడికీ ఒక్కటే మార్చండి. మొదటిది మీ మామూలు పద్ధతిలో. రెండోది కట్టరు బయటి పొడవు తగ్గించి. మూడోది దానితోపాటు తాళాలు బిగించి. నాలుగోది లోతు సగం చేసి. ప్రతిసారీ మోత ఎలా ఉందో, అంచు ఎలా ఉందో నోటుపుస్తకంలో ఒక్కొక్క వాక్యం రాయండి. మెషీను లేనివారు కుట్టుమిషను, సైకిలు, పొయ్యి – మీకు తెలిసిన ఏ పనిముట్టుతోనైనా ఇలాంటి పరీక్ష చెయ్యవచ్చు. నియమం ఒక్కటే: ఒకసారికి ఒకే మార్పు.

14.5 సారాంశం

చిన్న మిల్లింగ్ మెషీను మీద కోత చెడడానికి ముఖ్య కారణం బలం లేకపోవడం కాదు, బిగువు లేకపోవడం. కట్టరును పొట్టిగా పట్టడం, జిబ్బులు, తాళాలు బిగించడం, స్పిండిలును నిటారుగా ఉంచడం, లోతు తగ్గించి ఫీడు నిలపడం దీనికి మందులు. చిన్న మెషీను పెద్ద మెషీనంత త్వరగా కొయ్యలేదు. కారణం చెప్పని పట్టిక నేర్చుకొనేవాడికి అన్యాయం చేస్తుందని రచయిత అభిప్రాయం.

14.6 పదాలు – అర్థాలు

ఓడు – పగిలినది, పలకనిది
బిగువు – వంగకుండా, కదలకుండా నిలిచే గుణం
రజను – లోహం కోసినప్పుడు రాలే పొడి
పెళుసు – వంగకుండా విరిగిపోయే గుణం
వ్యాసం – ఈ పాఠంలో రెండు అర్థాల్లో వచ్చింది. 1. ఒక విషయం మీద రాసిన రచన. 2. వృత్తాన్ని మధ్యగా కొలిచిన అడ్డుకొలత.

14.7 అభ్యాసాలు

1. "పెద్ద మెషీను తప్పులను క్షమిస్తుంది" – ఈ వాక్యాన్ని మీ మాటల్లో వివరించండి.
2. రచయిత ఎదుటివారి రెండు వాదాల్లో దేన్ని ఒప్పుకున్నాడు? ఎందుకు?
3. ఈ పాఠంలోనుంచి రెండు అభిప్రాయాలు, రెండు ఆధారాలు ఎత్తి రాయండి.
4. మీరు చేసే పనిలో అందరూ నమ్మే ఒక మాట తప్పని మీకు ఎప్పుడైనా తోచిందా? కారణాలతో పదిహేను వాక్యాలు రాయండి.

పాఠగత ప్రశ్నలకు జవాబులు

1. లోపం మెషీను చిన్నదవడంలో లేదు. కట్టరు పట్టిన తీరులో, వదులు బోల్టులో, చిన్న మెషీనుకు తగని లోతులో ఉంది.
2. ఎనిమిదో వంతు.
3. 45 × 1000 ను 37.7 తో భాగిస్తే సుమారు 1,200 చుట్లు.
4. పన్ను కొయ్యకుండా రుద్దుతుంది. వేడి పుట్టి పదును పోతుంది.